తాత వంతు చరణం

నకివుంబి,
ఏప్రిల్, వానలు పట్టిన వారం.

మహారాజశ్రీ సలోంగో గారికి మీ నాన్న ఎరియాబు అనేక దీవెనలతో రాయునది.

నిన్నమొన్నటిదాకా ఒరే యోనా అని కేకేసిన నోరే ఇవాళ గారు అంటోందని నవ్వకు నాయనా. కవలల్ని కన్నవాడు ఊరందరికీ సలోంగోనే, కన్నతండ్రికైనా సరే. కోడలు పిల్ల ఎసెరి ఇకమీదట నలోంగో. బస్సు నడిపే లుబోవా బండాపి కబురు చెప్పిన పొద్దున నేను కాఫీ గింజలు ఎండబోస్తున్నాను. ఒకటి కాదు ముసలాయనా, రెండు, ఆడపిల్ల ముందు, మగపిల్లాడు వెనక, అన్నాడు. ఆ తరవాత ఆ గింజలు ఏమయ్యాయో నాకు తెలియదు. కోళ్ళు తిన్నాయంటున్నారు. తిననీ. నాతోపాటు అవి కూడా నిద్ర మానుకుని సంతోషపడనీ.

పిల్ల ముందొచ్చింది గనక బబిర్యె, వెనకొచ్చినవాడు కాటో. పేర్ల కోసం తన్నుకునే పని లేదు, దేవుడే వరస పెట్టి పంపాడు. మీ అమ్మ మెరాబు బతికుంటే ఈపాటికి నడిచి కంపాలా చేరేది.

నీ బొమ్మ పడిన పేపరు కల్లు దుకాణం గోడకి అంటించారు. సభ్యతా రక్షణ కార్యాలయం తరఫున బూతు క్యాసెట్లు గుట్టపోసి తగలబెడుతున్న బొమ్మ. ఆ క్యాసెట్లలో ఏముందో జనానికి తెలిసిరావాలని పక్క పేజీలో వాటి బొమ్మలు కూడా వేశారు, బాధ్యత గల పేపరు. ఊరంతా నీ బొమ్మ చూడ్డానికే వస్తున్నారు. కాస్త ఎక్కువసేపే నిలబడుతున్నారు. చర్చి ఉపదేశి అయితే పొద్దున వచ్చాడు, మధ్యాన్నం వచ్చాడు, కళ్ళజోడు మరిచిపోయానని సాయంత్రం కళ్ళజోడుతో వచ్చాడు. నువ్వంటే వాళ్ళకి అంత గౌరవం.

ఇక పని మాట. పిల్లల్ని పాట పాడి బయటికి తేవాలి. పాట అయ్యేదాకా వాళ్ళు గడప దాటకూడదు, దాటితే పాట చోటికే దాటాలి. మీ ఆలుమగలు జుట్టూ గోళ్ళూ తీయించుకోకూడదు. తాతనైన నేను వాళ్ళని ముట్టుకోకూడదు. ఇవి నీకు తెలియనివా. మీ పెదనాన్న కొడుక్కి కవలలు పుట్టినప్పుడు నువ్వు మోకాలెత్తున ఉన్నావు, ముందు వరసలో నిలబడి పెద్దవాళ్ళకంటే గట్టిగా పాడావు. మీ అమ్మ చెవి మెలేసింది. ఆపమని కాదు, ఒక ముక్క తప్పు పాడావని.

పాటకి దామాలిని ఒప్పించాను, ఆవిడా కవలల్ని కన్న నలోంగోనే. ఆవిడలా నాలుగు చరణాలూ పాడేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. మొదటిది తండ్రిది, రెండోది తల్లిది, మూడోది వియ్యాలవారిది, వాళ్ళ మొహమ్మీదే పాడాలి. నాలుగోది తాత వంతు. నలుగురిలో తాత సిగ్గు తీసి నేలకి దించితే గానీ తాత చేతికి పిల్లల్ని ఇవ్వరు. నా సిగ్గు సిద్ధంగా ఉంది నాయనా. కల్లుకి అరటికాయ కూడా మగ్గేశాను. ఏ ఆదివారం వస్తారో రాయి.

ఇట్లు,
ఒక్క పొద్దున రెండుసార్లు తాత అయిన
ఎరియాబు

*

కంపాలా, సభ్యతా రక్షణ కార్యాలయం,
ఏప్రిల్ నెలాఖరు.

గౌరవనీయులైన నాన్నగారికి,

మీ ఉత్తరం అందింది. తల్లీ పిల్లలూ కులాసా. బబిర్యె పాలు బాగా తాగుతోంది. కాటో కొంచెం సన్నం.

మొదట ఒక మనవి. దయచేసి ఆఫీసుకు ఫోను చేయవద్దు. మీరు మొన్న కొట్టు ఫోనులోంచి 'సలోంగో, నీ పార సామాన్యమైంది కాదురా' అని అరిచింది మా సెక్షను మొత్తానికి వినిపించింది. ఇకమీదట ఉత్తరాలే రాయండి.

రెండవది ఆ పాట విషయం. బహిరంగ స్థలంలో అశ్లీల పదాలు పాడటం, పాడించటం, పాడుతుంటే తలుపు తీసి పెట్టటం చట్టప్రకారం నేరం. ఆచారం పేరుతో మినహాయింపు లేదని సర్క్యులరు జారీ అయింది. అది రాసింది నేనే. అందులో కవలల పాటని పేరుపెట్టి చేర్చింది కూడా నేనే, ఎందుకంటే మిగతా అధికారులకు అందులో ఏముందో తెలియదు.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆగస్టులో తేలుస్తారు. మా అధ్యక్షులవారు నిష్ఠగల మనిషి. పట్టుకున్న ప్రతి క్యాసెట్టునూ తగలబెట్టే ముందు కమిటీ మొత్తం కూర్చుని ఆసాంతం చూడాలని నియమం పెట్టారు. అనుమానం తీరకపోతే రెండోసారి. అంతటి మనిషి కింద పనిచేస్తూ నా ఇంట్లోనే ఆ పాట పాడించుకుంటే నా గతేమిటి?

కాబట్టి కార్యక్రమం సభ్యంగా చేద్దాం. ఒక కేకు, రెండు కీర్తనలు, టీ. పిల్లలను మీ చేతికి ఇచ్చి ఫొటో తీయించుకుందాం. దామాలి గారికి వద్దని చెప్పండి.

ఇట్లు,
మీ కుమారుడు
యోనా ముగెర్వా, ప్రాసిక్యూటింగ్ అధికారి (తాత్కాలికం)

*

నకివుంబి,
మే నెల, బీన్సు కోతల రోజులు.

సలోంగో గారికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని మూడోసారి నేనే చదువుకున్నాను. ఎంత చక్కటి భాష. మా ఉపదేశి కూడా ఇది గవర్నమెంటు భాషే అన్నాడు. కానీ కేకు కోస్తే కవలలు బయటికి రావడానికి వాళ్ళేమన్నా ఎలకలా నాయనా? కీర్తనలు మంచివే. దేవుణ్ణి పొగడ్డానికి కీర్తన. ఈ ఇద్దరూ ఎలా వచ్చారో ఒప్పుకోవడానికి మన పాట. దేవుడికి ఆ సంగతి తెలుసు, ఒప్పుకోవలసింది మనం.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. పోయిన బుధవారం లుబోవా బస్సెక్కి మీ ఇంటికి వచ్చాను. నువ్వు లేవు, వీడియో హాలు మీద దాడికి వెళ్ళావన్నారు. అక్కడ సినిమా చూడ్డానికి వచ్చినవాళ్ళకంటే దాడి చూడ్డానికి వచ్చినవాళ్ళే ఎక్కువని లుబోవా చెప్పాడు. హాలువాడు రెండో ఆట టిక్కెట్టు పెట్టి ఉంటే బాగుపడేవాడట.

నేను ఇంట్లోకి రాలేదు. కిటికీ బయట నిలబడ్డాను. కోడలు పిల్ల ఒక్కొక్కర్నీ ఎత్తి చూపించింది. చేతులు వెనక్కి కట్టుకుని, దొంగని పట్టుకున్నట్టు నన్ను నేనే పట్టుకుని నిలబడ్డాను. బబిర్యె ఆవలించింది. దాని నోట్లో మీ అమ్మ కనిపించింది. కాటో చెయ్యి చాచాడు, గాలికే అనుకో, నేను మాత్రం రెండడుగులు వెనక్కి వేశాను. వియ్యపురాలు నన్ను చూసి, లోపలికొచ్చి ఎత్తుకోవయ్యా, మీ కొడుకు రాజ్యంలో అన్నీ రద్దయ్యాయిగా, అంది. రద్దు కాలేదమ్మా అన్నాను.

ఇంకో మాట కూడా విన్నాను. నీ జుట్టు చెవుల మీదికి దిగిందట, గోళ్ళు కాగితాలకి తగిలి గీరుకుంటున్నాయట. మంగలి దగ్గరికి వెళ్ళడానికి తీరిక లేదని కోడలు పిల్లతో చెబుతున్నావట. అవును నాయనా, మీ ఆఫీసు పని ఎక్కువ. నేనేమీ అనలేదు.

ఉత్తరం మడుస్తుంటే కబురొచ్చింది. దామాలిని పట్టుకుపోయారు. మన సంతవీధి వడ్రంగికి కవలలు పుడితే పాడ్డానికి వెళ్ళింది. వచ్చిన జీపు మీద నీ ఆఫీసు పేరుందట. డెబ్బై ఏళ్ళ మనిషిని జీపులోకి ఎక్కించడానికి నీ మనుషులే కింద మోకాలు ఆనించారట, అంతవరకు మర్యాదస్తులే. కానీ వడ్రంగి తండ్రి చేతులు చాచుకుని అలాగే నిలబడిపోయాడట. ఆ చేతుల్లో ఎవరూ ఏమీ పెట్టలేదు. వాటిని ఎలా దించాలో తెలియలేదట ఆయనకి.

ఆవిడ లేకపోతే మన పిల్లలకి పాట లేదు. ఏం చెయ్యమంటావో రాయి.

ఎరియాబు

*

కంపాలా,
జూన్ మొదటి వారం.

నాన్నగారికి,

దామాలి గారి కేసు నా బల్ల మీదికే వచ్చింది. నా సర్క్యులరు ప్రకారమే అరెస్టు జరిగింది గనక వాదించవలసింది నేనే. మూడో చరణం పూర్తయ్యేసరికి కానిస్టేబుళ్ళు అడ్డుపడ్డారు. విన్నంతవరకు రాసుకున్నారు. ఆమెను జామీను మీద వదిలాం.

ఇది మీరు అనుకున్నంత తేలిక ఉద్యోగం కాదు. అశ్లీల పదాలు పాడిందని రాస్తే చాలదు, ఏ పదాలో చార్జిషీటులో అక్షరం పొల్లుపోకుండా రాయాలి. మా టైపిస్టు చర్చి మాతృసంఘం కార్యదర్శి. రెండు పంక్తులు కొట్టి, ఇది నా వల్ల కాదని లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి తిరిగి వచ్చి, మిగతాది ఇంకొకరు కొడితే తప్పులు దొర్లుతాయంటూ తనే కూర్చుంది. మిగతా టైపిస్టులు ఆమెకు తోడు నిలబడ్డారు. సాయంత్రానికి సెక్షను మొత్తం కూనిరాగం తీస్తోంది. మెమో ఇచ్చి ఆపవలసి వచ్చింది.

తరవాత ఇంకో చిక్కు. చార్జిషీటుకు నకళ్ళు తీయాలి. అశ్లీల రచనను నకలు తీసి పంచటం కూడా నేరమే. న్యాయ సలహా అడిగితే ఇలా తేల్చారు: ఈ దేశంలో ఆ పదాలను గట్టిగా పలకడానికి చట్టం ఒప్పుకునే చోటు ఒక్క కోర్టు మాత్రమే. కేసులో భాగంగా అక్కడ చదివితే చదివినవాడికీ విన్నవాడికీ నేరం అంటదు.

మీరు జుట్టు గురించి రాసిన మాట అనవసరం.

కాటోకి ఒళ్ళంతా పేలింది. డాక్టరు ఉక్కపోత అన్నాడు. అత్తగారు ఉక్కపోత కాదు, పాట పడని కవలల అలక అన్నారు. అల్లుడితో అత్తగారు మాట్లాడకూడదు గనక ఆవిడ వంటింట్లోంచి గోడతో చెప్పారు. నేను వినలేదు. గోడ విన్నదేమో.

యోనా

*

నకివుంబి,
జూన్.

సలోంగో గారికి,

నీ ఉత్తరం చదివి నా కడుపు నిండిపోయింది నాయనా. నా కొడుకు చట్టాన్ని ఎంత విడమరిచి చెప్పాడని ఊరంతా చెప్పుకుంటున్నాను. నువ్వు చెప్పినట్టే చట్టానికి లోబడతాను. మన ఇంట్లో పాట వద్దు. కల్లు కుండలు మూత పెట్టేశాను.

నేను నాలుగో తరగతి వాణ్ణి, కోర్టు ఎరగను. తెలుసుకుందామని అడుగుతున్నాను, ఏమనుకోకు. కోర్టులోకి ఎవరైనా రావచ్చా, లేక బంధువులు లేనివాళ్ళేనా? ఆ కాగితం పైకి చదువుతారా, కళ్ళతో చదువుకుంటారా? సగం చదివి ఆపేస్తారా, మొత్తమా? చంటిపిల్లలు ఉండొచ్చా? ఒక ఆడమనిషి తల మీద గుడ్డ కప్పుకుని అటు తిరిగి కూర్చుంటే జడ్జీకి కోపం వస్తుందా? మెడలో ఆకుతీగ వేసుకున్నవాళ్ళని రానిస్తారా?

నువ్వు తీరిక చేసుకుని రాయి. తొందర లేదు. ఈ శుక్రవారం లుబోవా బస్సుకి ఇస్తే చాలు.

ఎరియాబు

*

కంపాలా,
జూన్ ఆఖరు.

నాన్నగారికి,

కోర్టు బహిరంగమైనది. ఏ పౌరుడైనా కూర్చోవచ్చు. చంటిపిల్లలను నిషేధించే నిబంధన నాకు కనబడలేదు, వెతికాను. ఎటు తిరిగి కూర్చోవాలన్నది మేజిస్ట్రేటు ఇష్టం. తీగల గురించి చట్టం మౌనంగా ఉంది.

చార్జిషీటును ప్రాసిక్యూటరు పైకి చదవవచ్చు. లేదా కాగితం మేజిస్ట్రేటు చేతికి ఇచ్చి 'చదివినట్టే భావించండి' అనవచ్చు. అధ్యక్షులవారు స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చుంటామన్నారు. కాగితం చేతికిచ్చెయ్యమని వారి ఆదేశం. అలాగే ఇస్తాను. అందువల్ల మీరు ఎవరినైనా బస్సులో తేవాలని అనుకుంటుంటే వృథా.

జుట్టు ఎందుకు పెంచుతున్నావని వారు నన్ను అడిగారు. పని ఒత్తిడి అని చెప్పాను.

విచారణ జూలై పన్నెండున, పొద్దున. మిమ్మల్ని రావద్దని అనను. అనే అధికారం చట్టం నాకు ఇవ్వలేదు.

కాటోకి తగ్గలేదు.

యోనా

*

నకివుంబి,
జూలై.

మా ఇంటి వెలుగు, మా వంశానికి వన్నె, సలోంగో గారికి,

నాయనా, మూడు రోజులై రాద్దామని కూర్చుంటున్నాను, కళ్ళు మసకేసి అక్షరం కనపడ్డం లేదు. ఇవాళ పట్టుబట్టి రాస్తున్నాను. కోర్టులో నువ్వు తల కాగితంలో పెట్టి నిలబడ్డావు, నీ పిల్లల పండగ నువ్వే చూడలేదు. చూసినవాణ్ణి నేను. అందుకని మొదట్నించీ చెబుతాను, విను.

లుబోవా ఆ పొద్దున బస్సుకి బోర్డు తీసేశాడు. మనవాళ్ళే నిండిపోయారు. వియ్యంకుడు తన ఊరినించి మరో బండి కట్టించుకుని దిగాడు. అందరం మెడలో కవలల పండక్కి వేసుకునే బొంబో తీగ వేసుకున్నాం, తీగల గురించి చట్టం మౌనంగా ఉందని నువ్వు రాసిన ముక్క ఉపదేశి జేబులో పెట్టుకున్నాడు, గుమ్మం దగ్గర పోలీసు అడిగితే చూపించడానికి. పోలీసు అడగలేదు. ఆయన మెడలోనూ ఒకటి వేశాం.

కోడలు పిల్ల నారబట్టలో ఇద్దర్నీ చుట్టుకుని వచ్చింది. నేను అవతలి వరస బెంచీ చివర కూర్చున్నాను, చేతులు తొడల కింద పెట్టుకుని. వియ్యపురాలు తల మీద గుడ్డ కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. మేజిస్ట్రేటు ఉత్తరాది మనిషి, మన భాష రాదు. ఆ తల్లి కోర్టుకి వీపు చూపిస్తోందేమని అడిగాడు. దుబాసీ లేచి, వీపు కోర్టుకి కాదండీ, అల్లుడిగారికి, అని చెప్పాడు. మేజిస్ట్రేటుకి అత్తగారు ఉన్నట్టుంది. రాసుకుని ఊరుకున్నాడు.

దామాలి బోనులో పండగకొచ్చినట్టు కొత్త గోమెసి కట్టుకుని నిలబడింది. మీ అధ్యక్షులవారు ముందు వరసలో, పక్కనే మీ టైపిస్టమ్మ. అప్పుడు నువ్వు లేచావు. ఆ జుట్టు చూసి మనవాళ్ళ ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు, కుర్రాడు నియమం తప్పలేదే, అని. మేజిస్ట్రేటు కాగితం కోసం చెయ్యి చాచాడు. అధ్యక్షులవారు ఇచ్చెయ్యమని కనుసైగ చేశాడు. అంతమందిని బస్సులో తెచ్చింది ఆ చేతిలోకి కాగితం పోవడం చూడ్డానికేనా అనుకున్నాను.

నువ్వు ఇవ్వలేదు. చదవడం మొదలుపెట్టావు.

మొదటి చరణం చర్చిలో లేఖనం చదివినట్టే చదివావు. పార గురించీ, తడినేల గురించీ, అంతా ముద్దాయి, సదరు స్థలము అన్నంత గంభీరంగా. చివరికి 'ఎవరు చేశారీ పని?' దగ్గరికి వచ్చి ఆగావు. ఎవరు పాడినా ఆ ప్రశ్న అడిగాక విన్నవాడు బదులు చెప్పి తీరాలి, లేకపోతే కవలలు అలుగుతారు. హాలు హాలంతా పెదవులు బిగపట్టుకుని ఉంది. దామాలి కూడా నోరు విప్పలేదు, చట్టానికి భయపడే మనిషి. అప్పుడు గోడవైపునించి వియ్యపురాలు సన్నగా అందుకుంది:

'ఇద్దరూ చేశారు, ఇద్దరు పుట్టారు.'

ఇంకేముంది. హాలంతా అందుకుంది. దుబాసీ ధర్మం తప్పని మనిషి, ప్రతి ముక్కా మేజిస్ట్రేటుకి ఇంగ్లీషులో చెప్పాడు. పక్కనున్న ఉపదేశి మాకు తిరిగి చెప్పాడు: 'సదరు పని ఎవరు నిర్వహించారని ప్రాసిక్యూటరుగారి ప్రశ్న. ఇరువురూ సంయుక్తంగా నిర్వహించారని ప్రజల సమాధానం.' మేజిస్ట్రేటు నిశ్శబ్దం, నిశ్శబ్దం అంటూ అరచేత్తో బల్ల బాదాడు. మేం డోలు తేలేదు, కోర్టులోకి రానివ్వరని. ఆయన బాదింది సరిగ్గా తాళానికి పడింది. ఆ మహానుభావుడు పాట అయ్యేదాకా ఆపలేదు.

రెండో చరణంలో నీ గొంతు కొంచెం పాటలోకి దిగింది. మూడోది వియ్యాలవారిది కదా, ఒక్క ముక్క మింగకుండా వాళ్ళకి అప్పజెప్పావు. అత్తగారి కుండ అనే ముక్క దగ్గర వియ్యపురాలి వీపు నవ్వుతో ఎగిరెగిరి పడింది. వియ్యంకుడు లేచి మన వంశానికి రెండు తిరిగి తగిలించాడు. మీ అధ్యక్షులవారి పెదాలు కదలడం నా కళ్ళతో చూశాను. ప్రార్థన చేసుకుంటున్నాడు కాబోలు, పెద్దమనిషి. అత్తగారి కుండ దగ్గర ఆయన కాలు కూడా ప్రార్థన చేసింది. టైపిస్టమ్మకైతే కాగితం అక్కర్లేకపోయింది.

తరవాత నాలుగోది. ఇక్కడ నీ గొంతు మారింది. చదువుతున్నట్టు లేదు నాయనా, వాకిట్లో నిలబడి పాడినట్టుంది.

'చీకటి కదా ముసలోడా, దారెలా దొరికింది నీకు?
దీపం పెట్టని మెరాబుని అడుగు, ఆవిడకే తెలుసు.'

అవ్వ పేరు పెట్టవలసిన చోట మీ అమ్మ పేరు పెట్టావు. ఆవిడ పోయాక నలుగురిలో ఆ పేరు ఎవరూ అనలేదు. జనం నావైపు తిరిగి పగలబడి నవ్వారు. కోర్టు నిండా పోలీసులు, లాయర్లు, రెండు ఊళ్ళ జనం, అందరి ముందూ నా సిగ్గు పోయింది. నేనూ నవ్వాను, మొహం తడిసిపోయింది. కోడలు పిల్ల లేచి బెంచీల మధ్యనించి నడిచొచ్చి ఇద్దర్నీ నా చేతుల్లో పెట్టింది. బస్తాలు మోసిన చేతులు నాయనా ఇవి. బబిర్యె కుడివైపు, కాటో ఎడమవైపు. కాటో నా గడ్డం పట్టుకున్నాడు. ఈసారి గాలికి కాదు.

ఆ నాలుగోది కూడా వదలకుండా రాసుకున్న కానిస్టేబుళ్ళని మెచ్చుకోవాలి. మూడో చరణం దగ్గరే పట్టుకున్నారని నువ్వు రాశావు గానీ, దామాలి జీపులో కూర్చుని మిగతాది పాడేసి ఉంటుంది. మధ్యలో వదిలే మనిషి కాదు.

మేజిస్ట్రేటు తీర్పు నువ్వు విన్నావు గానీ నాకు మళ్ళీ రాయాలనిపిస్తోంది. ఉపదేశి చెప్పింది చెప్పినట్టు: 'ఈ వృద్ధురాలు పాడగా నేను వినలేదు. ప్రాసిక్యూటరు పాడగా విన్నాను, ప్రజలు వంత పాడగా విన్నాను, ఎవరికీ సభ్యత చెడినట్టు కనబడలేదు. ఒకావిడ మాత్రం మొహం తిప్పుకున్నారు, అది వేరే కారణానికి. కేసు కొట్టివేయడమైనది.' దామాలి బోను దిగి, కుర్రాడి రాగం ఫరవాలేదు, రెండో చరణంలో ఊపిరి చాల్లేదు, అంది.

వడ్రంగి తండ్రి కూడా మన బస్సులోనే వచ్చాడు. వచ్చే ఆదివారం దామాలి వాళ్ళింట్లో మిగిలిపోయిన చరణం పాడుతోంది. మీ ఆఫీసు జీపు వస్తే భోజనానికి ఉండమన్నారు.

కల్లు కుండల మూత తీశాను. నీ ఉద్యోగం సంగతి ఏమైందో రాయి. అది నన్ను పీకుతోంది.

ఇట్లు,
సిగ్గు పోయి చేతులు నిండిన
ఎరియాబు

*

కంపాలా,
ఆగస్టు.

నాన్నా,

ఉద్యోగం ఖాయమైంది, వేరే శాఖలో. తూనికలు కొలతలు. సంతల్లో బీన్సు తూచే రాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. రేపటినించి మన సంతవీధి కూడా నా కిందే, కాబట్టి నెలకోసారి వస్తాను, పిల్లలతో. అధ్యక్షులవారు పిలిచి, చాలా అసహ్యం కలిగించావు అన్నారు. తరవాత తలుపు వేసి, ఆ మూడో చరణంలో కుండ తరవాత ముక్కేమిటని అడిగారు. కమిటీ రికార్డుకట.

జుట్టు తీయించాను. మంగలి మూడు నెలల జుట్టా అన్నాడు, నాలుగు అన్నాను. కాటో ఒళ్ళు నున్నబడింది. డాక్టరు ఉక్కపోత తగ్గిందన్నాడు. అత్తగారు గోడతో ఏమీ అనలేదు, నవ్వు మాత్రం వినిపించింది.

కాగితం ఎందుకు చేతికివ్వలేదని ఎసెరి రోజూ అడుగుతోంది. ఇద్దామనే లేచాను. మీరు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవడం కనిపించింది.

ఒక్క విషయం మీరు పొరబడ్డారు. దామాలి గారు జీపులో నోరు విప్పలేదు. చార్జిషీటులో ఉన్నవి మూడు చరణాలే. నాలుగోదాని చోట కాగితం అడుగున ఉన్నది ఉత్త ఖాళీ.

అది అమ్మ చెవి మెలేసి నేర్పింది. ఈసారి ఎక్కడైనా ముక్క తప్పు పోయిందేమో మీరే చెప్పాలి.

ఇట్లు,
మెరాబు కొడుకు
సలోంగో